దవాఖాన బిల్లు కార్డు కడుతుంది.. ఇంటికొచ్చాక మంచం ఖర్చు ఎవరు కడతారు?

గత రెండు మూడేళ్లలో వైద్య ఖర్చుల గురించి మూడు పెద్ద ప్రకటనలు వచ్చాయి. 2023 డిసెంబర్ 9న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. 2024 అక్టోబర్ 29న కేంద్రం 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. మూడూ మంచివే. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌లలో ఎన్నో ఇళ్లకు వీటితో ఊరట దొరికింది.

అయితే మూడింటిలో ఒక పోలిక ఉంది. మూడూ ప్రధానంగా దవాఖానలో చేరిన రోజుల గురించే. రోగి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మొదలయ్యే ఖర్చు, నెలలు కాదు ఏళ్ల తరబడి సాగే ఖర్చు, వీటి పరిధిలోకి దాదాపుగా రాదు. "కార్డుంది గదా, ఇంకేం ఫికర్?" అనుకునే కుటుంబాలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ఖర్చు మొదలయ్యేది డిశ్చార్జ్ రోజున

అబ్బాకు లఖ్వా కొట్టింది. అమ్మీ బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. దాదీకి మతిమరుపు ముదిరి, రాత్రిళ్లు తలుపు తీసుకుని వీధిలోకి వెళ్తోంది. ఇలాంటి సందర్భాల్లో ఆపరేషన్, ఐసీయూ, స్కానింగ్ ఖర్చు పెద్దదిగా కనిపిస్తుంది. అది ఒక్కసారి వచ్చి పోతుంది. తర్వాత వచ్చేవి చిన్నగా కనిపిస్తాయి: డైపర్లు, వాటర్ బెడ్, వీల్‌చైర్, ఫిజియోథెరపీ, మూత్రం పైపు మార్చడం, పుండ్లకు డ్రెస్సింగ్, మందులు, చెకప్‌కు ఆటో కిరాయి. అన్నిటికంటే బరువైనది, లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, అన్నం తినిపించే మనిషి.

ఒక లెక్క ఊహించి చూడొచ్చు. మందులకు నెలకు రూ.3 వేలు, డైపర్లు వగైరాకు రూ.3 వేలు, ఫిజియోథెరపీకి రూ.4 వేలు, పగటిపూట ఒక సహాయకురాలికి రూ.10 వేలు అనుకుంటే నెలకు రూ.20 వేలు. ఏడాదికి రూ.2.40 లక్షలు. ఐదేళ్లు సాగితే రూ.12 లక్షలు. అంటే ఆరోగ్యశ్రీ ఏడాది పరిమితి కంటే పెద్ద మొత్తం, ఒక్క రూపాయి కూడా కార్డు మీద పోకుండా, ఇంటి జేబులోంచే పోతుంది. ఊరిని బట్టి, రోగాన్ని బట్టి అంకెలు మారతాయి. లెక్క తీరు మాత్రం మారదు.

ఇది ఎవరో కొందరికే వచ్చే కష్టం కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జనవరిలో విడుదల చేసిన లాసీ సర్వే ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి స్నానం, బట్టలు వేసుకోవడం, నడవడం, తినడం, మరుగుదొడ్డికి వెళ్లడం లాంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదానిలో ఇబ్బంది ఉంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో, అంటే అటు అత్తమామలు, ఇటు అమ్మానాన్నలు ఉంటే, ఈ ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు తలుపు తడుతుందనే అనుకోవాలి.

కార్డు ఎక్కడిదాకా పనిచేస్తుంది?

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇది జాబితాలో ఉన్న చికిత్సలకు, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం చేయించే పథకం. గుండె, కిడ్నీ, క్యాన్సర్, ప్రమాదాల లాంటి పెద్ద రోగాల్లో ఇది లేకపోతే ఎన్నో ఇళ్లు అమ్ముడుపోయేవి. డయాలసిస్ కూడా ఇందులో ఉంది. కొన్ని చికిత్సలకు ఫాలోఅప్ మందులూ దొరుకుతాయి. కానీ ఇంట్లో మంచం పక్కన కూర్చునే మనిషికి జీతం ఇందులో లేదు. డైపర్లకు పైసలు లేవు.

70 ఏళ్లు దాటిన వారి వయ వందన కార్డు కూడా అంతే. ఏడాదికి రూ.5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స. కుటుంబానికి ముందే ఆయుష్మాన్ కార్డు ఉంటే, పెద్దవాళ్లకు వేరుగా మరో రూ.5 లక్షలు. ఆధార్‌తో నమోదు చేసుకోవాలి. దీన్ని ఇప్పటిదాకా తీసుకోని కుటుంబాలు వెంటనే తీసుకోవడం మంచిది. లఖ్వా కొట్టిన రాత్రి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేసుకోవడం కుదరదు.

దూరం కూడా ఒక ఖర్చే. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నా, పెద్ద కేసుల్లో చాలామంది హైదరాబాద్‌కో, దగ్గరగా ఉంటుందని నాగపూర్‌కో పరుగెత్తుతారు. రోగితో పాటు ఇద్దరు వెళ్లి ఉండాలి. వాళ్ల కూలి పోతుంది. గదికి కిరాయి, తిండి, బండి ఖర్చు ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించవు. ప్రతి మూడు నెలలకు ఒకసారి చెకప్ అంటే, ఏడాదికి నాలుగుసార్లు ఇదే ఖర్చు.

పాలసీలో ఎవరూ చదవని పేరా

"సర్కారు కార్డు కాదు, ప్రైవేటు పాలసీ తీసుకున్నాం" అనే కుటుంబాలు కూడా ఒకసారి పాలసీ కాగితం తెరిచి చూడాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకే తీరుగా మార్చింది. ఏ కంపెనీ పాలసీ అయినా మినహాయింపుల జాబితాలో 5వ కోడ్ కింద ఒక పేరా ఉంటుంది. దాని సారాంశం ఇది: చికిత్స కోసం కాకుండా కేవలం విశ్రాంతి కోసం చేరితే డబ్బు రాదు. ఇంట్లోగానీ నర్సింగ్ కేంద్రంలోగానీ స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అటూ ఇటూ కదిలించడం లాంటి సాయానికి అయ్యే ఖర్చు రాదు. ఆ పని శిక్షణ పొందిన నర్సు చేసినా, మామూలు మనిషి చేసినా రాదు.

అంటే దీర్ఘకాల సంరక్షణ అనే మాటకు అర్థం ఏదైతే ఉందో, దాన్నే పేరు పెట్టి పక్కకు తీశారు. ఇది కంపెనీల మోసం కాదు. ఆరోగ్య బీమా అనేది చికిత్సకు చేసుకున్న ఒప్పందం. ఆ సంగతి కొనేటప్పుడు చాలామంది ఏజెంట్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

పాలసీలో "డొమిసిలియరీ" అనే మాట చూసి కొందరు ఇంటి సేవకు డబ్బు వస్తుందనుకుంటారు. అదీ పొరపాటే. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉండి, బెడ్ దొరకకో, రోగిని కదిలించే స్థితి లేకో, మూడు రోజులకు మించి ఇంట్లోనే డాక్టర్ చికిత్స చేస్తే వర్తించేది అది. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుకు మామూలుగా ఒక గడువు ఉంటుంది. ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలతో అమ్మించే ఆరోగ్య సంజీవని పాలసీలో అది 60 రోజులు. లఖ్వా మనిషికి 61వ రోజు నుంచి ఖర్చు మొత్తం ఇంటిదే.

చేతికి డబ్బిచ్చే పాలసీలు

జపాన్, జర్మనీల్లో ఉన్నట్టు ప్రత్యేక సంరక్షణ బీమా భారత మార్కెట్లో దాదాపు లేదు. ఉన్నంతలో దానికి దగ్గరగా వచ్చేది క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. ఇది బిల్లు చూసి కట్టదు. జాబితాలోని జబ్బు తేలితే ఒప్పుకున్న మొత్తం ఒకేసారి చేతికిస్తుంది. ఆ డబ్బుతో ఫిజియోథెరపీ చేయించుకోవచ్చు, మనిషిని పెట్టుకోవచ్చు, బాత్‌రూంకు పట్టుకునే కడ్డీలు వేయించుకోవచ్చు, అప్పు తీర్చుకోవచ్చు. అడిగేవాళ్లు ఉండరు.

షరతులు మాత్రం గట్టిగా ఉంటాయి. లఖ్వా విషయంలో శాశ్వత నష్టం కనీసం 3 నెలల పాటు నిలిచి ఉందని వైద్య ఆధారం చూపాలి. గంటల్లో తగ్గిపోయే చిన్న స్ట్రోక్‌కు రాదు. అవయవాలు పడిపోయిన సందర్భంలో రెండు లేదా ఎక్కువ అవయవాలు పూర్తిగా, తిరిగి రానంతగా పోవాలి. చాలా పాలసీల్లో మొదటి 90 రోజుల్లో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు. జబ్బు తేలాక 30 రోజులు బతికి ఉండాలన్న నిబంధనా కనిపిస్తుంది. మతిమరుపు జబ్బు జాబితాలో ఉందో లేదో కంపెనీని బట్టి మారుతుంది. అందుకే ఎన్ని జబ్బులు కవరవుతాయన్న అంకె కంటే, ఒక్కో జబ్బుకు రాసిన నిర్వచనం చదవడం ముఖ్యం.

తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లు మొదట చూడాల్సింది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి రూ.20. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు చేరొచ్చు. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి అంగవైకల్యం వస్తే రూ.2 లక్షలు, పాక్షిక వైకల్యానికి రూ.లక్ష. ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీలు, లారీ క్లీనర్లు, వెల్డింగ్ పనివాళ్లు ఉన్న ఇంట్లో ఈ రూ.20 మిగుల్చుకోవడంలో అర్థం లేదు. అయితే ఇది ప్రమాదానికే. జబ్బుతో పడిపోతే రాదు.

ఎప్పుడు కొనాలి? జవాబు చిన్నదే

సుస్తీ రాకముందు. 60 ఏళ్లు దాటి, షుగర్, బీపీ ఉండి, ఒకసారి స్టెంట్ పడ్డాక క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ దొరకడం చాలా కష్టం. దొరికినా ప్రీమియం భరించలేరు. అదే మనిషికి 35-45 ఏళ్ల మధ్య, రిపోర్టులు బాగున్నప్పుడు తీసుకుంటే తక్కువలో పోతుంది. అందుకే సంరక్షణ బీమా నిజానికి ఇప్పటి అమ్మీ-అబ్బా కోసం కాదు. వాళ్లను చూసుకుంటున్న కొడుకు, కోడలు, బిడ్డ తమ కోసం తీసుకోవాల్సింది.

పెద్దవాళ్లకు ఆసుపత్రి పాలసీ మాత్రం ఇప్పటికీ సాధ్యమే. 2024 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా కొనడానికి 65 ఏళ్ల గరిష్ట వయోపరిమితి లేదు. ముందునుంచి ఉన్న జబ్బులకు ఎదురుచూడాల్సిన గడువును గరిష్ఠంగా 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించారు. 60 దాటిన వారి ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు.

కొనేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పనికిరాదు. షుగర్ ఉంటే ఉందని రాయాలి. "అవన్నీ రాస్తే రిజెక్ట్ చేస్తరు, నేను చూసుకుంటా" అని చెప్పే ఏజెంట్ క్లెయిం రోజున ఫోన్ ఎత్తకపోవచ్చు. వరుసగా 5 ఏళ్లు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న కారణంతో క్లెయిం తిరస్కరించకూడదని నిబంధన ఉంది. కానీ ఆ ఐదేళ్ల లోపే అవసరం రావచ్చు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. ఆ 30 రోజులూ చదవడానికే అనుకోవాలి. తెలుగో ఉర్దూనో మాత్రమే వచ్చిన పెద్దల కోసం చదువుకున్న పిల్లలు కూర్చుని వివరించాలి.

అన్యాయంగా క్లెయిం ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రూ.50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ నంబర్ 155255.

గల్ఫ్ జీతం, బీడీల ఆకు

ఈ జిల్లాల ఇళ్ల ఆదాయం రెండు మూడు చోట్ల నుంచి వస్తుంది. మగవాళ్లు దుబాయ్, సౌదీ, ఖతర్, కువైట్‌లలో. ఆడవాళ్లు బీడీల మీద. కొందరు సింగరేణిలో. మిగతావాళ్లు చిన్న దుకాణాలు, మెకానిక్ షెడ్లు, ఆటోలు. సింగరేణిలో రిటైరైన వారికి వైద్య పథకం ఉంది. మిగతా ఎవరికీ రిటైర్మెంట్ అనే మాటే లేదు.

గల్ఫ్‌లో పనిచేసే కొడుక్కి అక్కడి కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కరీంనగర్‌లో ఉన్న అమ్మీకి పనికిరాదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లే వారికి తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన రూ.10 లక్షలిస్తుంది. అదీ ఆ కార్మికుడు ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో. రెండేళ్లకు ప్రీమియం రూ.275, మూడేళ్లకు రూ.375. గడువు ముగిశాక రెన్యువల్ చేయించుకోని వాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. పాలసీ కాపీ గల్ఫ్‌లోని గదిలో కాదు, ఇక్కడ ఇంట్లో ఉండాలి.

గల్ఫ్ నుంచి శాశ్వతంగా తిరిగొచ్చేటప్పుడు చేతికొచ్చే సర్వీసు డబ్బులు ఇంకో అవకాశం. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున లెక్కిస్తారు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత నెల జీతం. ఈ మొత్తం మామూలుగా ఇంటి మీద అంతస్తుకో, చెల్లె షాదీకో పోతుంది. అందులో నాలుగో వంతు అమ్మీ-అబ్బా పేరున విడిగా పెట్టినా, పైన చెప్పిన లెక్కలో కొన్ని నెలలు గడుస్తాయి.

బీడీలు చుట్టే కోడలు అత్తను చూసుకోవడానికి పని మానేస్తే, ఆ ఇంటికి రెండు దెబ్బలు. ఖర్చు పెరుగుతుంది, ఆదాయం ఆగుతుంది. సహాయకురాలికి ఇచ్చే రూ.10 వేలు మిగిలాయని సంబరపడే ఇల్లు, కోడలు పోగొట్టుకున్న కూలి లెక్కలో వేసుకోదు. జర్మనీ 1995లో సంరక్షణ బీమా ప్రారంభించినప్పుడు, ఇంట్లోవాళ్లే చూసుకుంటే రోగికి నెలనెలా నగదు ఇచ్చే ఏర్పాటు పెట్టింది. ఇంట్లో చేసే సేవకు వెల ఉందని ఒక దేశం చట్టంలో ఒప్పుకుంది. జపాన్ 2000 ఏప్రిల్ నుంచి 40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి దగ్గర చందా తీసుకుంటోంది. అవసరం వచ్చినప్పుడు చాలామంది ఖర్చులో పదో వంతు కడితే సరిపోతుంది.

బీమా జాయిజేనా?

చాలా ఇళ్లలో పాలసీ మాట రాగానే వచ్చే ప్రశ్న ఇది. వడ్డీ, అనిశ్చితి ఉన్నాయన్న కారణంతో మామూలు బీమాను వద్దనే ఉలమాలు ఉన్నారు. అవసరం, చట్టం, పరిస్థితి చూసి కొన్ని రకాలకు అనుమతి ఉందనే వారూ ఉన్నారు. మలేసియా 1984లోనే తకాఫుల్‌కు ప్రత్యేక చట్టం చేసింది. అందులో సభ్యులు చందా వేసి ఒకరినొకరు ఆదుకుంటారు. భారత్‌లో తకాఫుల్‌కు ప్రత్యేక లైసెన్సు విధానం లేదు. కాబట్టి ఎవరైనా తకాఫుల్ పేరు చెప్పి వీధిలో పైసలు వసూలు చేస్తుంటే, వాళ్ల రిజిస్ట్రేషన్ చూడకుండా ఇవ్వడం ప్రమాదం. పొదుపు, పెట్టుబడి కలిసిన పాలసీకి, ఏడాదికేడాది కట్టే వైద్య పాలసీకి తేడా ఉంది. ఆ తేడా చెప్పి, నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి కుటుంబం నిర్ణయించుకోవాలి. సర్కారు కార్డులకు ప్రీమియం కట్టేది లేదు కాబట్టి అక్కడ ఈ చర్చే రాదు.

ఏ జవాబు దొరికినా ఒక సంగతి మిగిలే ఉంటుంది. సొంత తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వడం చెల్లదు, ఎందుకంటే వాళ్ల పోషణ పిల్లల మీద బాధ్యత. రంజాన్‌లో తీసే జకాత్‌తో అబ్బా మందుల ఖర్చు సర్దుకుందామంటే కుదరదు. అది మామూలు సంపాదనలోంచి రావాలి. పేదరికంలో ఉన్న ఫుప్పుకో, ఖాలాకో, మంచాన పడిన అన్నకో మాత్రం, అర్హత ఉంటే, జకాత్ ఇవ్వొచ్చు. బిరాదరీలో ఇలాంటి ఇళ్లకు ఒకసారి రేషన్ కిట్ ఇవ్వడం కంటే నెలనెలా డైపర్లు, మందులు అందేలా చూడడం ఎక్కువ అక్కరకొస్తుంది.

దీనికి దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. కేరళలో కోజికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ కేర్ సేవ, తర్వాత ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో వాడవాడకూ పాకింది. అక్కడ శిక్షణ పొందిన వాలంటీర్లు వారానికి కొన్ని గంటలు మంచాన పడిన వారి ఇళ్లకు వెళ్తారు. దుకాణాల్లో, స్కూళ్లలో పోగయ్యే చిన్న చందాలతో నర్సు, బండి నడుస్తాయి. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా తీసుకుంది. ప్రతి మొహల్లాలో మస్జిద్ కమిటీ ఉన్న కరీంనగర్, నిర్మల్, భైంసాల్లో ఒక వీల్‌చైర్, ఒక హాస్పిటల్ మంచం, ఒక ఆక్సిజన్ మిషన్ కొని అవసరమైన ఇంటికి తిప్పడం పెద్ద పని కాదు.

సర్కారు నుంచి అడిగి తెచ్చుకోవాల్సినవి

బీమా కాకపోయినా నెలనెలా చేతికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఆసరా పథకంలో 2019 నుంచి వృద్ధులకు, బీడీ కార్మికులకు నెలకు రూ.2,016 ఇస్తున్నారు. 2022 నుంచి డయాలసిస్ రోగులనూ చేర్చారు. దివ్యాంగుల పింఛన్‌ను 2023లో రూ.4,016 చేశారు. లఖ్వాతో కాలూ చెయ్యీ పడిపోయిన పెద్దాయన వృద్ధాప్య పింఛన్‌తోనే సరిపెట్టుకుంటుంటే, వైకల్య సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయించాలి. 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛన్ కోరొచ్చు. తేడా నెలకు రూ.2 వేలు, ఏడాదికి రూ.24 వేలు.

పేద వృద్ధులకు వీల్‌చైర్, చేతికర్ర, వినికిడి మిషన్, కళ్లద్దాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. క్యాంపు ఎప్పుడు పెడతారో జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగాలి. తెలంగాణలో ఆలన పేరుతో ఉన్న పాలియేటివ్ కేర్ సేవల గురించి జిల్లా ప్రభుత్వ దవాఖానలో వాకబు చేయాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. బీపీ, షుగర్ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మందులు మానేసిన బీపీయే లఖ్వాకు పెద్ద దారి. అందుకే అన్నిటికంటే చౌకైన బీమా రోజూ వేసుకునే ఆ గోలీయే.

ఇల్లు ఎవరి పేరున ఉండాలి?

సంరక్షణ ఖర్చుకు చివరి భరోసా చాలా ఇళ్లలో ఇల్లే. "ఎట్లయినా నీదే గదా" అని అబ్బా బతికుండగానే ఇంటిని ఒక కొడుక్కి హిబా చేసేస్తాడు. హిబాలో ఇస్తున్నానని చెప్పడం, తీసుకోవడం, స్వాధీనం చేయడం మూడూ పూర్తయితే దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తర్వాత ఆ కొడుకు చూసుకోకపోతే పెద్దవాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. 60 దాటిన వారు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లి నెలకు రూ.10 వేల దాకా పోషణ కోరొచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే, సెక్షన్ 23 కింద ఆ బదిలీని రద్దు చేయించే దారి ఉంది. అయితే ఆ షరతు ఉందని చూపాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, చట్టాన్ని వృద్ధుల మేలు కోణంలో ఉదారంగా చదవాలని చెప్పింది. కోర్టు దాకా పోకుండా ఉండాలంటే తేలిక మార్గం ఒకటే. పెద్దవాళ్లు బతికున్నంత కాలం ఇల్లు వాళ్ల పేరునే ఉండాలి.

ఇందులోనే మరో చిక్కు ఉంది. వసియ్యత్ ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు. అదీ మిగతా వారసులు ఒప్పుకోకుండా ఒక వారసుడికి రాయలేరు. అంటే ఎనిమిదేళ్లు అమ్మీని ఎత్తి దింపిన బిడ్డకు చివర్లో అదనంగా ఏమీ దక్కకపోవచ్చు. కోడలైతే వారసురాలే కాదు. సేవ చేసినవారి రుణం తీర్చాలంటే వారసత్వం పంచేరోజు దాకా ఆగకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నెలనెలా వంతులేసుకుని, చూసుకునే ఇంటికి ఇవ్వాలి. ఖర్చు ఒక నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత మనసులు విరగకుండా కాపాడేది ఆ నోట్‌బుక్కే.

ఈ నెలలోనే చేయగలిగినవి

మొదట, ఇంట్లో అందరి ఆరోగ్యశ్రీ అర్హత, 70 దాటిన వారి వయ వందన కార్డు సరిచూడాలి. పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో కలవాలి. ఉర్దూ పేర్ల స్పెల్లింగ్ తేడాలు చివరి నిమిషంలో చాలా ఇబ్బంది పెడతాయి. రెండోది, సంపాదించే ప్రతి ఒక్కరి ఖాతాలో రూ.20 బీమా నడుస్తోందో లేదో పాస్‌బుక్‌లో చూడాలి. మూడోది, 45 లోపు ఉన్నవారు తమ కోసం క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ధర అడిగి, నిర్వచనాలు చదివి నిర్ణయించుకోవాలి. నాలుగోది, బీమా ఏదీ తీసుకోకపోయినా సంరక్షణకు విడి ఖాతా తెరవాలి. నెలకు రూ.2 వేలు పక్కన పెడితే, ఏ లాభం కలపకపోయినా, 15 ఏళ్లలో రూ.3.60 లక్షలు. నలుగురు పిల్లలు తలా రూ.500 వేస్తే అదే మొత్తం. ఐదోది, ఎవరు చూసుకుంటారు, ఎవరు ఎంత ఇస్తారు, ఇల్లు ఏమవుతుంది అన్నది అమ్మీ-అబ్బా బాగున్నప్పుడే, వాళ్ల ముందే మాట్లాడుకోవాలి.

ఈ చివరిది అన్నిటికంటే కష్టం. పెద్దవాళ్లు మంచాన పడే మాట ఎత్తడం బద్దువాలా వినిపిస్తుంది. కానీ మాట్లాడని ఇంట్లో కూడా ఆ రోజు రాకుండా ఆగదు. వచ్చాక భారమంతా దగ్గరలో ఉన్న ఒక్కరి మీద, ఎక్కువగా ఒక కోడలి మీదో, పెళ్లికాని బిడ్డ మీదో పడుతుంది. తల్లిదండ్రుల సేవ పుణ్యమని అందరూ ఒప్పుకుంటారు. ఆ పుణ్యంలో పని ఒకరిది, పైసలు ఒకరివి, పేరు ఒకరిది కాకుండా ముందే పంచుకోవడమే అసలు ప్లానింగ్.